పేరుంటే మనిషుండాలె

మా అటెండరమ్మ చనిపోయింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున సూర్యాపేట ఆఫీసులో నా సీట్లో కూర్చుని తపాల్ విప్పుతుంటే మిర్యాలగూడ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "సార్, అమ్మ పోయింది. చాయ్ తాగి గ్లాసు కడిగి బోర్లించింది, మంచంల ఒరిగింది, ఇగ లేవలే" అంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన గొంతు. నేను "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేసి తలెత్తితే పార్టిషన్ అంచు మీద నా పేరు బోర్డు కొక్కేలు కనిపించాయి. లోపల కూర్చున్నవాడికి తన పేరు కనపడదు, రెండు కొక్కేలు మాత్రమే కనపడతాయి. లేచి దాన్ని తీసి డ్రాయర్లో పెట్టేశాను. ఏమైందని పక్క సీటు మేడం అడిగింది. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మాది ఏ శాఖో రాయను. కొత్త బిల్డింగుకు మారినప్పుడు గదులు పోయి పెద్ద హాలు వచ్చింది. హాల్లో నడుము ఎత్తు పార్టిషన్లు, ఒక్కో పార్టిషన్ వెనక ఒక్కో మనిషి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. ఊళ్ళ నుంచి వచ్చిన జనం సంతలో తప్పిపోయినట్టు తిరిగేవాళ్ళు. అందుకని పేరు బోర్డులు చేయించారు. అరచెయ్యంత వెడల్పు ప్లాస్టిక్ పలక, పైన పార్టిషన్ అంచుకు తగిలించడానికి రెండు కొక్కేలు, లోపల పేరు అచ్చేసిన కాగితం. మేకు కొట్టి బిగించకపోవడానికి కారణం మా బదిలీలు. మనిషి మారితే కాగితం మార్చి మళ్ళీ తగిలిస్తే సరిపోతుంది.

ఆ బోర్డుల పని అటెండరమ్మకు అప్పజెప్పారు. ఆమె భర్త మా ఆఫీసులోనే జీపు డ్రైవరుగా చేస్తూ చనిపోయాడు. ఆయన తర్వాత ఈమెకు ఉద్యోగం ఇచ్చారు. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు అందరూ గొర్రెలు కాసుకునేవాళ్ళే. చదువు తక్కువ, కూడబలుక్కుంటూ చదివేది. కానీ ముప్పై నాలుగు బోర్డుల్లో ఎవరిది ఏదో ఆమెకు వేలితో తడిమితే తెలిసేది. ఫలానా సారుది మూల విరిగింది, ఫలానా మేడంది కొక్కెం వంకర.

మిగతా ఆఫీసుల్లో బోర్డు ఒకసారి తగిలిస్తే మళ్ళీ బదిలీ దాకా అక్కడే ఉంటుంది. మా దగ్గర ఈమె పెట్టిన రివాజు వేరు. బోర్డులన్నీ రెగ్జిన్ సంచీలో ఉండేవి. మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటేనే బోర్డు బయటికి వచ్చేది. కొంగు అంచుతో ఒకసారి తుడిచి, కొక్కేలు అంచు మీద పెట్టి, పైనుంచి చిన్నగా తట్టేది. టక్కుమని ఒక చప్పుడు. మనిషి సెలవు పెడితే బోర్డు లేదు. అన్నానికి ఇంటికి పోతే బోర్డు లేదు. మీటింగ్ అని పోతే ఎన్నింటికి వస్తారో అడిగి మరీ తీసేది.

"పేరుంటే మనిషుండాలె సార్" అనేది. "మనిషి లేకుంటే పేరు ఏం జేస్తది గాడ?"

మా సీనియర్ అసిస్టెంటు ఒకాయనకు గంటకోసారి చాయ్ కావాలి. ఆయన లేవగానే ఈమె సంచీ పట్టుకుని వెళ్ళేది. "చాయ్‌కే కదమ్మా పోతున్నా, మంత్రి పదవికి పోతున్నట్టు బోర్డు పీకుతావేంది?" అని ఆయన గొణిగేవాడు. "మీకు చాయ్ సార్, గాడ కూసున్న ముసలామెకు పూట" అనేది. ఆయన రెండు నెలలు విసుక్కుని, మూడో నెల నుంచి తానే బోర్డు తీసి ఆమె చేతికిచ్చి చాయ్‌కి పోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా మరీ ఎదురు తిరిగితే ఆమె దగ్గర ఒకటే మాట. "మా దొడ్డిల లేని గొర్రెను లెక్కల పెడ్తమా సార్?"

మీరు ఎప్పుడైనా సర్కారు ఆఫీసులో పనిబడి తిరిగి ఉంటే ఈ రివాజు విలువ మీకు తెలుస్తుంది. ఖాళీ కుర్చీ పైన పేరుంటే జనం కదలరు. సారు వస్తాడు, ఇక్కడే ఎక్కడో ఉన్నాడు, పేరు ఉంది కదా అనుకుంటారు. బోర్డు లేదంటే మోతె ఊరి నుంచి వచ్చినాయన ఊరికి పోయి ఎడ్లకు మేత వేసుకుంటాడు. ఆమె ఎంతమందికి ఎన్ని పూటలు మిగిల్చిందో ఎవరూ రాసి పెట్టలేదు.

ఇక నా సంగతి. మా ఆఫీసులో ఇంకో విద్య కూడా ఉండేది, అది మగవాళ్ళం కనిపెట్టింది. బయట సొంత పని ఉన్న రోజు సెలవు చీటీ రాసి పక్క సీటు మనిషి చేతికిచ్చేవాళ్ళం. టేబుల్ మీద ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, కళ్ళద్దాల డబ్బా పక్కన పెట్టి, ఫ్యాన్ తిరగనిచ్చి పోయేవాళ్ళం. చూసినవాడు మనిషి ఇప్పుడే లేచి వెళ్ళాడు అనుకోవాలి. పట్టుబడితే చీటీ బయటికి వస్తుంది. పట్టుబడకపోతే మర్నాడు చీటీ చిరిగిపోతుంది, సెలవు మిగులుతుంది. ఈ విద్యంతా పార్టిషన్ అంచు దగ్గర బెడిసికొట్టేది. బోర్డు లేకపోతే ఎంత ఫ్యాన్ తిరిగినా ఏం లాభం? బోర్డు పెట్టమని బతిమాలినవాళ్ళందరినీ ఆమె తిప్పి పంపింది.

నాలుగేళ్ళ కింద మా బావమరిది కోదాడలో సెల్‌ఫోన్ల షాపు తెరిచాడు. వారం మధ్యలో ముహూర్తం. పోకపోతే ఇంట్లో ఊరుకోరు, సెలవులు అయిపోవచ్చాయి. ముందు రోజు సాయంత్రం అటెండరమ్మ దగ్గరికి పోయి అబద్ధం చెప్పాను. "అమ్మకు పానం బాగలేదు. రేపు కోదాడల పెద్ద డాక్టరుకు చూపెట్టాలె. ఒక్క పూటే. జర బోర్డు పెట్టమ్మా" అన్నాను. ఆమె నా మొహం చాలాసేపు చూసింది.

"ఏమైంది అమ్మకు?"

"ఛాతీల నొప్పి."

"పో బిడ్డా. నేను సూసుకుంట" అంది. ఎప్పుడూ సార్ అనే మనిషి ఆ రోజు బిడ్డా అంది.

మా ఊరు చిలుకూరులో అమ్మ ఆ సాయంత్రం మిరప కల్లంలో కూలీల మీద కేకలేస్తూ ఉండి ఉంటుంది.

తర్వాత జరిగినది నేను చూడలేదు, అందరూ చెప్పగా కూర్చుకున్నాను. పదింటికి ఆమె నా బోర్డు తగిలించింది. పదిన్నరకు సూపరింటెండెంట్ ఆమెకు కాగితాల కట్ట ఇచ్చి నల్లగొండ పంపాడు. ఆమె అటు బస్సెక్కగానే మోతె నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆయన భార్య సూర్యాపేట దవాఖానలో ఉంది. ఉచిత వైద్యం కార్డులో ఆమె పేరు ఎక్కలేదని, మా ఆఫీసు నుంచి ఒక లెటర్ తెమ్మని అక్కడ చెప్పారట. అది నా సీటు పని. పది నిమిషాల పని. పక్కవాళ్ళు నా బోర్డు చూపించి "ఆ సారే ఇయ్యాలె, వస్తడు కూసో" అన్నారు. పెన్ను మూత తీసి ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన కూర్చున్నాడు. అన్నం తినడానికి కూడా లేవలేదట, తాను లేచినప్పుడే సారు వచ్చి పోతాడేమోనని.

మధ్యాహ్నం మూడు దాటాక దవాఖానలో ఆయన భార్య పోయింది. పక్క మంచం వాళ్ళు తప్ప దగ్గర ఎవరూ లేరు. లెటర్ ఉంటే బతికేదా అని తర్వాత నేను తెలిసిన డాక్టరును అడిగాను. లేదు, ఆ జబ్బుకు ఆ రోజు ఏ లెటరూ అడ్డం పడేది కాదన్నాడు. నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఆ ఊపిరి ఎక్కువ రోజులు నిలవలేదు. బోర్డు లేకపోయి ఉంటే ఆయన పదకొండు గంటలకల్లా భార్య మంచం పక్కన ఉండేవాడు. ఆమె కళ్ళు మూసేటప్పుడు చెయ్యి పట్టుకుని ఉండేవాడు. నేను ఆయన నుంచి తీసుకున్నది అది.

ఆ సమయానికి నేను కోదాడలో రెండోసారి బిర్యానీ వడ్డించుకుంటున్నాను.

ఐదింటికి అటెండరమ్మ నల్లగొండ నుంచి వచ్చేసరికి ఆయన ఇంకా నా పేరు కిందే కూర్చుని ఉన్నాడు. ఆమె సంచీ కింద పడేసి "తాతా, సారు ఇయ్యాల రాడు, నువ్వు పో" అందట. ఆయన పోయాడు. మర్నాడు ఆయన బంధువులు ఆఫీసుకు వచ్చి అరిచారు. లేని మనిషి పేరు ఎవరు తగిలించారని సూపరింటెండెంట్ విచారణ పెట్టాడు. పక్క సీటులోంచి నా సెలవు చీటీ బయటికి వచ్చింది. కాగితం ప్రకారం నేను పద్ధతిగా సెలవులో ఉన్నాను. తప్పు బోర్డు పెట్టిన మనిషిది.

"మర్సి పెట్టిన సార్. రోజూ పెట్టే అలవాటుల చెయ్యి పోయింది" అంది ఆమె.

ఆ ఆఫీసులో మర్చిపోయి కూడా లేనివాడి బోర్డు పెట్టని మనిషి ఎవరైనా ఉన్నారంటే అది ఆమె. ఆ సంగతి సూపరింటెండెంట్‌కూ తెలుసు. అయినా మెమో ఇచ్చి, మిర్యాలగూడ బ్రాంచికి పంపేశారు. నేను అక్కడే గోడ పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. బయటికి వచ్చాక ఆమె మెల్లగా నా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి మాట, "డాక్టరు ఏమన్నడు? అమ్మ మంచిగున్నదా?"

మంచిగనే ఉన్నదని చెప్పాను. నేను ఆమెతో ఆడిన నిజం అదొక్కటే అనుకుంటా.

మిర్యాలగూడకు ఆమె ఏడాది పాటు రోజూ బస్సులో పోయి వచ్చింది, మోకాళ్ళ నొప్పులతో. తర్వాత సూర్యాపేట ఇంటికి తాళం వేసి మిర్యాలగూడలోనే ఉన్న కూతురి దగ్గరికి మారింది. పనిష్మెంట్ ఏముంది, బిడ్డ దగ్గరికే కదా పోయింది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒకసారి ఆఫీసు పని పెట్టుకుని అటు పోయినప్పుడు చూశాను. ఆ బ్రాంచిలో ఐదే సీట్లు, బోర్డులే లేవు. ఆమె క్యాలెండర్ అట్టలు కోసి, సైకిల్ పుల్లలు వంచి కొక్కేలు చేసి, ఐదు బోర్డులు తయారు చేసుకుంది. రైసు మిల్లుల దుమ్ము వచ్చి వాటి మీద పడుతుంటే గంటకోసారి కొంగుతో తుడుస్తోంది.

ఆ రోజు చెబుదామనే పోయాను. అమ్మకు ఏమీ కాలేదు, బిర్యానీ తినడానికి పోయాను అని దారి పొడుగునా బస్సులో నోట్లో అనుకుంటూ పోయాను. ఆమె చాయ్ పోసి పక్కన కూర్చుంది. "మోతె పోయి వచ్చిన" అంది. ఆ ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ పోయిందట. బోర్డు పెట్టింది తానేనని, సారు తల్లికి బాగలేక పెట్టానని చెప్పి ఆయన కాళ్ళు పట్టుకుందట.

"నాకు నిద్ర వడ్తలేదు బిడ్డా. కండ్లు మూస్తే గా తాత నీ పేరు కింద కూసునే ఉంటడు. గని ఒక్కటే ధైర్యం. తల్లి కోసం పెట్టిన. ఉత్తగ పెట్టలే. గదొక్కటి లేకుంటే నేను ఏమైతుంటినో."

ఇప్పుడు మీరు చెప్పండి. ఆ మాట విన్నాక నేను నిజం ఎట్లా చెప్పాలి? ఆమె దగ్గర మిగిలిన ఒక్క ధైర్యం నా అబద్ధం. దాన్ని లాక్కుంటే ఆమెకు ఏం మిగులుతుంది? ఆమె మంచి కోసమే ఊరుకున్నాను అనుకుంటాను. అర నిమిషం తర్వాత నా లోపలి నుంచే ఇంకో గొంతు, కాదు, భయపడి ఊరుకున్నావు అంటుంది. అప్పటి నుంచి ఈ రెండు గొంతుల పంచాయితీ తెగలేదు.

వచ్చేటప్పుడు సీసా నిండా గొర్రెపాల నెయ్యి ఇచ్చింది, మా అమ్మ ఛాతీకి రాయమని. ఆ సీసా చిలుకూరు తీసుకుపోయి ఇస్తే మా అమ్మ మూత తీసి వాసన చూసి, "ఎవర్రా ఈ పిచ్చి తల్లి? నాకేమయిందని పంపింది? దుక్కలాగా ఉంటేనూ!" అని పకపకా నవ్వింది. అమ్మ అంత ఆరోగ్యంగా నవ్వుతుంటే నాకు భయం వేసింది. అప్పటి నుంచి అమ్మ ఫోన్ చేసి బాగున్నాను అన్నప్పుడల్లా నాకు మనసు బాగుండదు. ఇట్లాంటి కొడుకు ఇంకొకడు ఉంటాడా?

ఆమె మిర్యాలగూడకు పోయినప్పటి నుంచి మా సూర్యాపేట ఆఫీసులో బోర్డులు తీసేవాళ్ళు లేరు. మళ్ళీ అందరి పేర్లూ పొద్దస్తమానం వేలాడుతున్నాయి. నా బోర్డు నేనే తీసుకుంటాను. అయినా ఒక్కోసారి హాలు సద్దు మణిగినప్పుడు వెనక పార్టిషన్ దగ్గర టక్కుమని వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అప్పుడు లేచి నిలబడి నా పార్టిషన్ అవతలికి తొంగి చూస్తాను, నా పేరు కింద ఎవరైనా కూర్చున్నారేమోనని. ఆ అలవాటు చూసి కుర్రవాళ్ళు నవ్వుకుంటారు.

మెమో ఇంకా ఆమె ఫైల్లో ఉంది. ఆ తప్పు నాదని ఆఫీసుకు రాసిచ్చాను. పోయిన మనిషి ఫైలు కడిగితే ఎవరికి లాభమయ్యా అన్నాడు కొత్త సూపరింటెండెంట్. తీసుకోండి అన్నాను.

ఆమె పోయిన రోజు పోలేకపోయాను. పదకొండో రోజు మిర్యాలగూడ పోయాను. కూతురి ఇల్లు మిల్లుల సందులో. వాకిట్లో షామియానా, కుర్చీ మీద ఆమె ఫోటో. ఫోటోలో కూడా ఎవరినో ఎక్కడికి పోతున్నావని అడుగుతున్నట్టే ఉంది. కూతురు నన్ను చూసి లేచి వచ్చింది. "అమ్మ చెప్పే సూర్యాపేట సారు గీయనే" అని పక్కన కూర్చున్న ముసలాయనకు చూపించింది. "మోతె తాత, సార్. అమ్మ ఏడాదికోపాలి పోయి చూసొచ్చేది."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"నువ్వేనా బిడ్డా. పొద్దంత నీ పేరు కింద కూసున్న. మొకం ఇయ్యాల సూస్తున్న" అన్నాడు. నేను చేతులు జోడించాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "పరేషాన్ గాకు. ఈ తల్లి మా ఇంటికొచ్చి అంత చెప్పింది. తల్లికి బాగలేదంటే ఎవడాగుతడు? నేనైన పోతుంటి. నేను మనసుల ఏం పెట్టుకోలే."

నాలుగేళ్ళు గొంతులో ఉన్న మాట అప్పుడు వచ్చింది. ఆలోచించి చెప్పలేదు.

"తాతా, మా అమ్మకు ఏం కాలే. నేను అబద్ధం చెప్పిన. దావతుకు పోయిన."

ఆయన తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. మిల్లు చప్పుడు వినిపిస్తూ ఉంది. ఫోటో వైపు చూస్తూ ఒక్కటే అడిగాడు.

"గామెకు ఎర్కనా?"

"లేదు తాతా. చెప్పలే."

"మంచిగైంది" అన్నాడు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. విస్తరి వేస్తే ఆమె కోసమని కూర్చుని మెతుకు వదలకుండా తిన్నాడు. నా విస్తరి నేను ముట్టలేకపోయాను. ఆయన చెయ్యి కడుక్కుని, ఫోటోకు దండం పెట్టి, కూతురి తల నిమిరి బయటికి నడిచాడు. నా బండి మీద సూర్యాపేట దాకా దింపుతానని వెనక పోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు, నా వైపు తిరగకుండానే. రోడ్డు మీద బస్సు ఆగే చోట నీడకు ఒక అరుగు ఉంది, దాని మీద ఎవరూ లేరు. ఎండ మండిపోతోంది. బస్సు వచ్చేదాకా ఆ ముసలాయన ఎండలో నిలబడే ఉన్నాడు. నేను చూస్తుండగా కూర్చోలేదు.